మూపురం లేని ఆంబోతు

పశువుల డాక్టర్లుగా కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ గుంటూరులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ అందరూ అడిగే ప్రశ్న ఒకటే. ‘మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏది?’ కడుపులో అడ్డం తిరిగిన దూడను తీసిన కథో, పాము కరిచిన గేదెను బతికించిన కథో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివి అందరికీ ఉంటాయర్రా. నిజం చెప్పాలంటే వాటిలో సగం మనం బతికించినవి కావు, వాటంతట అవే బతికినవి. నేను మర్చిపోలేని కేసు ఒంట్లో ఏ జబ్బూ లేని ఒక కోడెది. దాన్ని చంపెయ్యమని ఊరు ఊరంతా నా దగ్గరికి లాక్కొచ్చిన రోజుది.

ఇందులో మనుషుల పేర్లు రాయను. కొందరు పోయారు. ఉన్నవాళ్లు ఇది చదివి నన్ను తిట్టుకోవడం నాకిష్టం లేదు. పేరున్నది ఆ కోడెకి ఒక్కదానికే. అది కూడా వెక్కిరింతగా పెట్టిన పేరు.

నేనప్పుడు ప్రత్తిపాడు దాటి పర్చూరు వైపు పోయే దారిలో ఒక ఊళ్లో పనిచేసేదాన్ని. నల్లరేగడి నేల. రోడ్డుకి ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. కోతలు మొదలైతే ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసేవాళ్లు. ఆ ఘాటుకి ఆసుపత్రికొచ్చిన గేదెలు కూడా తుమ్మేవి. ఆసుపత్రి అంటే ఒక గది, ఒక వరండా, ముందు ఇనప గొట్టాలతో కట్టిన బోను. పశువు కదలకుండా నిలబెట్టడానికి ఆ బోను. గదిలో ఒక మూల ద్రవ నైట్రోజన్ జాడీ ఉండేది. అందులో పుల్లల్లాంటి సన్నని గొట్టాల్లో జెర్సీ ఆబోతుల వీర్యం గడ్డకట్టి ఉండేది. ఎదకొచ్చిన ఆవుని తోలుకొస్తే బోనులో పెట్టి, ఆ గొట్టాన్ని గోరువెచ్చని నీళ్లలో కరిగించి, లోపల వదిలేవాళ్లం. ఊళ్లో దాన్ని ‘సూదేయించడం’ అనేవాళ్లు. సూదీ లేదు పాడూ లేదు, కానీ ఆ మాటే నిలిచింది.

అలా పుట్టిన ఆవులు ఇచ్చిన పాలతో పిల్లల కాలేజీ ఫీజులు కట్టిన ఇళ్లు నాకు తెలుసు. ఆ పని చేసినందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడను. కాకపోతే పుట్టేవాటిలో సగం కోడెదూడలు. ఒంగోలు కోడెకి మూపురం ఉంటుంది. మూపురం ఉంటే మెడ మీద కాడి నిలుస్తుంది. కాడి నిలిస్తే ఇంట్లో దానికి చోటుంటుంది. జెర్సీ కోడె వీపు బల్లలాగా చదునుగా ఉంటుంది, కాడి జారిపోతుందని మా రైతుల నమ్మకం. పైగా కాస్త ఎండ ముదిరితే నాలుక బయటపెట్టి రొప్పుతుంది. అందుకని కోడెదూడ పుడితే, తల్లి పాలు చేపడానికి కొన్నాళ్లు ఉంచుకునేవాళ్లు. ఆ తర్వాత పలుపు విప్పి రోడ్డు మీదికి తోలేవాళ్లు, లేకపోతే లారీ ఎక్కించేవాళ్లు. పెయ్యదూడకి పుట్టిన రోజే ముద్దుపేరు పెట్టే ఇళ్లలో కూడా వీటికి పేరుండేది కాదు. ‘పేరు పెడితే ఇడిచిపెట్టబుద్ధి గాదమ్మా’ అని ఒక ఇల్లాలు నాతో అంది. ఎన్ని ఆవులు చూలు కట్టాయో, ఎన్ని పెయ్యలు పుట్టాయో మేం పైవాళ్లకి గొప్పగా చెప్పుకునేవాళ్లం. కోడెల సంగతి వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు.

మా అటెండరు రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. ఆవు కాలు ఎత్తకముందే తన్నబోతోందని పసిగట్టి పక్కకి జరిగేవాడు. నాకు మాత్రం చెప్పేవాడు కాదు. ‘ముందే అనొచ్చు కదయ్యా’ అంటే, ‘మీరు చదువుకున్నోళ్లు గదా మేడం, మీకు తెలిసిద్దనుకున్నా’ అనేవాడు. కేసులు రాని మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని నా చేత కథలు చెప్పించుకోవడం ఆయనకి సరదా.

అలా ఒకరోజు, నేను కాలేజీ హాస్టల్లో చదివిన ఒక పాత ఇంగ్లీషు నవల కథ చెప్పాను. చదువులో ఆరితేరిన ఒక కుర్రాడు శవాల ముక్కలు తెచ్చి కుట్టి, ఒక మనిషిని తయారు చేసి ప్రాణం పోస్తాడు. అది కళ్లు తెరుస్తుంది. దాని రూపం చూసి జడుసుకుని, చేసినవాడే పారిపోతాడు. అది దిక్కులేనిదై తిరుగుతుంది. చాటు నుంచి మనుషుల మాటలు విని నేర్చుకుంటుంది, ఒక బీద ఇంటికి తెలియకుండా కట్టెలు తెచ్చి పడేస్తుంది. కానీ ఎదుట పడితే చాలు, జనం దాన్ని తరిమి తరిమి కొడతారు. కడుపు మండి అదీ ఘోరాలకి దిగుతుంది. తనని చేసినవాణ్ణి వెతికి పట్టుకుని, నాకొక తోడునైనా చేసిపెట్టు అని అడుగుతుంది. ఆ రెండింటికీ సంతానం కలిగితే లోకం ఏమైపోతుందోనని అతను భయపడి, సగం చేసినదాన్ని ముక్కలు చేసేస్తాడు. అక్కణ్ణుంచి ఇద్దరికీ నాశనమే.

అటెండరు బీడీ ఆర్పి, ‘ఇంతకీ దాని పేరేంది మేడం?’ అన్నాడు.

‘పేరు పెట్టలేదు.’

‘పేరన్నా పెట్టకుండా పోయాడా ఎదవ’ అన్నాడు. మళ్లీ తనే, ‘అయినా వాణ్ణనేదేముందిలే. అట్టాంటిది లేచి కూర్చుంటే నేనైనా లగెత్తేవాణ్ణే’ అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ ఊళ్లో భార్యాభర్తలిద్దరికి ఒక్క ఆవు ఉండేది. పిల్లలు లేరు. ఆ ఆవుని బోనులో పెట్టి సూదేసింది నేనే. అది చూడితో ఉండగా ఆయన పోయాడు. ఆయన పోయిన కొద్ది రోజులకే ఆవు ఈనింది. కోడెదూడ, నేరేడుపండు నలుపు. ఆవిడ దాన్ని రోడ్డు మీదికి తోలలేదు. కొంచెం పెరిగాక ఒకరోజు నా దగ్గరికొచ్చి, ‘డాక్టరమ్మా, దీన్ని మా ఆయన పేరన దేవుడికి వదులుదామనుకుంటన్నా. అచ్చేసేటప్పుడు మీరొచ్చి కాస్త దగ్గరుండాలి’ అంది.

పట్నంలో పెరిగిన పిల్లలకి ఈ ఆచారం తెలియకపోవచ్చు. మనిషి పోయినప్పుడు అతని పేరు మీద ఒక కోడెను ఊరికి వదులుతారు. ఇనుము ఎర్రగా కాల్చి దాని తొంటి మీద శూలం గుర్తు వేస్తారు. అదే ఆంబోతు. ఆ అచ్చు ఉన్న కోడె ఏ చేలో నోరు పెట్టినా అదిలించాలే తప్ప కొట్టకూడదు. ఏ ఇంటి ముందు నిలబడినా కుడితి పెట్టాలి. అది చచ్చిపోతే మనిషికి చేసినట్టే ఊరంతా కలిసి సాగనంపుతుంది. అచ్చు పడ్డాక అది ఒకరి సొత్తు కాదు, ఊరి బిడ్డ. తలకొరివి పెట్టే కొడుకు లేకుండా పోయిన భర్తకి ఆవిడ చెయ్యగలిగింది అదొక్కటే.

ఊళ్లో పెద్దరైతు ఒప్పుకోలేదు. ఆయన దుర్మార్గుడు కాదు, అది ముందే చెప్పాలి. ట్రాక్టర్లొచ్చి అందరూ ఎడ్లను అమ్ముకున్నా, ఆయన తన ఒంగోలు ఆవుల మందని మాత్రం నష్టానికి కూడా మేపుతూ వచ్చాడు. ఊరి ఆంబోతు ఈ నల్లటిదైతే తన ఆవుల జాతి ఏమైపోతుందోనని ఆయన భయం. అది న్యాయమైన భయమే. కానీ దాన్ని ఆయన చెప్పిన తీరు వేరు. రచ్చబండ దగ్గర పదిమందిలో, ‘మూపురం లేనిది దేవుడి కోడె ఎట్టా అయిద్దమ్మా? శివుడెక్కి కూర్చుంటే జారి పడడూ?’ అన్నాడు. అందరూ నవ్వారు. ‘సీమ నుంచి దిగిన దొర అది. దొరలకి మన దేవుడితో పనేంది?’

ఆ రోజు నుంచి దాని పేరు దొర అయింది.

రెండేళ్లు తిరిగేసరికి దొర ఇంత ఎత్తు పెరిగింది. కట్టేస్తే పలుపు తెంపుకునేది. దాని దొంగతనమల్లా ఒకటే, ఇంకో పశువు పక్కన నిలబడాలి. ఏ గొడ్లచావిడి కనపడినా వెళ్లి వాకిట్లో నిలబడేది. ఆవులున్నవాళ్లు ఊరుకుంటారా? కర్ర, రాయి, ఏది దొరికితే అది. గాయాలకి మందు రాయడానికి నేను వెళితే, కర్ర పట్టుకున్న మనిషిని చూసి అది వణకడం మొదలుపెట్టేది. కొన్నాళ్లకి వణకడం మానేసి కొమ్ములు దించడం నేర్చుకుంది. అది నాకు అర్థమైంది, భయం వేసింది కూడా.

మిరప కల్లాల రోజుల్లో ఒక పొద్దున ఆసుపత్రి తలుపు తీస్తుండగా ఊరి వైపు నుంచి కేకలు వినపడ్డాయి. పదిమంది మగాళ్లు రెండు మోకులు కట్టి దొరని లాక్కొస్తున్నారు. దాని కాళ్ల నిండా ఎర్రటి మిరప తొక్కు. వెనకే పెద్దరైతు, ఎడమ చెయ్యి కండువాతో మెడకి వేలాడగట్టుకుని. విషయం ఏమిటంటే, కుక్కలు తరిమితే దొర ఆయన కల్లంలో పడింది. కర్ర తీసుకుని ఎదురెళ్లిన ఆయన్ని కొమ్ముతో విసిరేసింది. ముంజేయి విరిగింది.

మోకులు పట్టినవాళ్లు దాన్ని బోనులోకి తోసి గడియ వేశారు. దాని తల్లికి నేను సూదేసింది అదే బోనులో. వాళ్లకి ఆ ఆలోచన లేదు, నాకే వచ్చింది.

పెద్దరైతు కేకలేం వెయ్యలేదు. నొప్పికి పళ్లు బిగబట్టి అన్నాడు. ‘డాక్టరమ్మా, దీన్ని పుట్టించింది మీరేగా. మీరే చంపండి.’

‘జబ్బు లేని పశువుని చంపే అధికారం నాకు లేదు బాబాయి గారూ’ అన్నాను.

‘పుట్టించే అధికారం ఎవరిచ్చారు?’

ఇన్నేళ్లయినా ఆ ప్రశ్నకి సరిగ్గా జవాబు దొరకలేదు. అప్పుడు మాత్రం గుమ్మంలో గుంజకి ఆనుకుని నిలబడ్డాను. ఎవరో వెనక నుంచి ‘మీకు చాతగాకపోతే చెప్పండమ్మా, సాయంత్రం లారీ వచ్చిద్ది’ అన్నారు. ఇంకెవరో బోను సందుల్లోంచి కర్రతో పొడిచారు. దొర ఇనప గొట్టాల్ని గుద్దింది. బోను మొత్తం కదిలింది.

అటెండరు నా పక్కకొచ్చి గొంతు తగ్గించి, ‘మేడం, యనక తలుపు తీసుంది. మీరు ఇంటికి పొండి. సెలవులో ఉన్నారని చెప్తా. వీళ్లు వీళ్లే ఏదో ఒకటి చేసుకుంటారు’ అన్నాడు. ఆయన నా మేలు కోరే చెప్పాడు. నా కాళ్లు కూడా అటే లాగాయి, దాచుకోవడమెందుకు. నేను వెళ్లి ఉంటే ఆ సాయంత్రానికి దొర లారీలో ఉండేది, నన్ను ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు.

‘ఆ కథలోవాడూ అలాగే వెళ్లాడయ్యా’ అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి, వెళ్లి కర్రతో పొడిచేవాడి చేతిలోంచి కర్ర లాక్కున్నాడు. ‘గవర్నమెంటు ఆసుపత్రిలో పశువుని కొడితే కేసయిద్దిరా ఒరేయ్, తెలుసా?’ అన్నాడు. అయ్యేదో కాదో నాకు తెలియదు, ఆయనకీ తెలియదు.

అప్పటికి ఆవిడ వచ్చింది. పాలకేంద్రంలో పాలు పోసి అటు నుంచి అటే పరిగెత్తుకొచ్చినట్టుంది, చేతిలో ఖాళీ క్యాను అలాగే ఉంది. నేరుగా బోను దగ్గరికి పోయి దొర నుదుటి మీద చెయ్యి పెట్టింది. అంతసేపూ గొట్టాల్ని గుద్దిన పశువు తల దించి, ఆవిడ కొంగు నాకడం మొదలుపెట్టింది. అప్పుడు ఆవిడ పెద్దరైతు వైపు తిరిగింది.

‘చెయ్యి ఇరిగిందంట గదా బావగారూ. తప్పే. నేను కట్టేసుకోలేకపోయా. నన్ను తిట్టండి.’

‘నిన్ననేదేముందమ్మా. ఇది మచ్చిక అయ్యే పశువు గాదు. దీనికి మూపురం లేదు, బుద్ధీ లేదు.’

‘మూపురం, మూపురం’ అంది ఆవిడ. గొంతు పెరిగింది. ‘మూపురమున్నాటిని ఉంచుకున్నారా మీరంతా? ట్రాక్టర్లు కొన్నాక మీ ఎడ్లేవీ? మా ఎడ్లేవీ? ఒక్కో జతా లారీ ఎక్కుతుంటే అందరం వాకిట్లో నిలబడి చూడలా? అవి మనకి దున్నిపెట్టినయ్యి. అచ్చమైన ఒంగోలు జాతే. ఇప్పుడు దీనికొచ్చి మూపురం లేదని పేరు పెడతన్నారు. దీనికేం లేదో నాకు తెలుసులే. దీనికి ఎనకా ముందూ ఎవరూ లేరు. నాకూ లేరు.’

మోకు పట్టుకున్నవాళ్లలో ఒకరిద్దరు తల దించుకున్నారు. పెద్దరైతు ఆవిడతో కాకుండా నాతో అన్నాడు. ‘నాకు దాని మీద కక్ష లేదమ్మా. అచ్చేస్తే ఊరి ఆవులన్నిటి మీదా పడిద్ది. నేను బతికుండగా నా మంద చెడిపోద్ది. అందుకు మీరేం చేస్తారు?’

ఆ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు ఉంది. ఊళ్లో అందరికీ తెలిసింది విత్తులు కొట్టించడం. అలా చేస్తే అది ఎద్దు అవుతుంది కానీ ఆంబోతు కాదు, దేవుడికి పనికిరాదు. అలాకాకుండా చిన్న కోతతో లోపలి నాళం ఒక్కటే కత్తిరించవచ్చు. ఒడ్డూ పొడుగూ, రంకె, మగతనం ఏదీ పోదు. ఆవుల్లో కలిసి తిరుగుతుంది. దూడలు మాత్రం పుట్టవు. ఆ మాటే చెప్పాను.

‘దూడలు పుట్టకపోతే నాకు పేచీ లేదు’ అన్నాడు పెద్దరైతు. ఆవిడ దొర మెడ నిమురుతూ, ‘అంటే దీనికి బిడ్డలు పుట్టరా అమ్మా?’ అని అడిగింది.

‘పుట్టరమ్మా.’

ఆవిడ చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. ‘పోనీలే. మాకూ పుట్టలేదు. బతకలేదా ఏంది’ అంది.

నా ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో అది మంచిదో చెడ్డదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. దానికి తోడునిచ్చాను, సంతానాన్ని తీసేశాను. ఆ నవలలో కుర్రవాడికి పట్టుకున్న భయమే నాకూ పట్టుకుంది. కాకపోతే నేను పారిపోకుండా భయపడ్డాను, అంతే తేడా.

ఇక మిగిలింది అచ్చు. పశువులకి కాల్చి వాతలు పెట్టొద్దని ఊరూరా చెవినిల్లు కట్టుకుని పోరినదాన్ని, ఇప్పుడు ఎర్రటి ఇనుము పక్కన నిలబడలేను. అలాగని అచ్చు లేకపోతే దొర బతకదు. అప్పుడు గుర్తొచ్చింది, కాలేజీ పశువుల ఫారంలో ఒకే ఒక్కసారి చూసిన పద్ధతి. వేడితో కాదు, చలితో అచ్చు. లోహాన్ని నైట్రోజన్‌లో ముంచి చర్మానికి అదిమితే, అక్కడ వెంట్రుకల రంగు చచ్చిపోతుంది. తర్వాత మొలిచే వెంట్రుక తెల్లగా మొలుస్తుంది. నల్లటి ఒంటి మీద తెల్లటి శూలం.

ఆ మాట చెబితే పెద్దరైతు అపనమ్మకంగా చూశాడు. ‘చలితో అచ్చా? నేనెక్కడా యినలా. సరే, ఏద్దురుగాని. శూలం కనపడితే ఊరి కోడె. కనపడకపోతే లారీ. ఆ పైన మీరుగానీ, ఈవిడగానీ మాట్లాడకూడదు.’

‘ఒప్పుకున్నాను’ అన్నాను. నోరు జారానేమోనని ఆ క్షణమే అనిపించింది.

దొరని ఆసుపత్రి ఆవరణలోనే కట్టేశాం. ఆపరేషన్ నేనే చేశాను, అది మామూలుగానే జరిగిపోయింది. శూలం ఇనుముతో కుదరదని, పొన్నూరులో ఇత్తడి పనివాడి చేత చేయించాను. అచ్చు వేసిన రోజు అటెండరు దాని తొంటి మీద వెంట్రుకలు గొరిగి స్పిరిట్‌తో తుడిచాడు. జాడీలో నైట్రోజన్ కొంత బకెట్‌లోకి వంపి ఇత్తడి శూలం ముంచితే బుసబుసా పొగ లేచింది. ఏ జాడీలోంచి దొర ప్రాణం బయటికొచ్చిందో ఆ జాడీలోదే ఆ పొగ. బుస తగ్గాక తీసి చర్మానికి అదిమాను. దొర ఒక్కసారి ఉలిక్కిపడి, ఆ తర్వాత కదలకుండా నిలబడింది. కాల్చిన వాసన లేదు, అరుపు లేదు. చుట్టూ ఉన్నవాళ్లకి అది అచ్చులాగే అనిపించలేదు. ‘ఐసు పెట్టినట్టుంది గదరా’ అని ఒకడు నవ్వాడు.

ఆ నెల నైట్రోజన్ అంత ఎందుకు తగ్గిందని పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఆవిరైపోయిందని చెప్పాను. అబద్ధం కాదుగా.

తర్వాత రోజులు గడవడమే కష్టమైంది. ముందు వాపు వచ్చింది. వాపు తగ్గి పొర ఊడింది. కింద నున్నటి నల్లటి చర్మం, అంతే. చుట్టూ గొరిగిన చోటంతా వెంట్రుక పెరుగుతోంది, నల్లగా. శూలం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎంతసేపు అదిమాను? తక్కువైందా? ఇత్తడి సరిగ్గా చల్లబడిందా? పుస్తకాలన్నీ తిరగేశాను. పుస్తకాల్లో బొమ్మలు బాగానే ఉన్నాయి. ఆవిడ రోజూ పాలకేంద్రం నుంచి వస్తూ తవుడు తెచ్చి పెట్టేది. తొంటి వైపు చూసేది కాదు. నన్నూ అడిగేది కాదు. అడిగితే నేను బతికిపోయేదాన్ని.

పెద్దరైతు కట్టు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడల్లా ఆగి చూసిపోయేవాడు. ఒకసారి మాత్రం దొర ముందు చొప్పకట్ట వేసి వెళ్లాడు. నేను కిటికీలోంచి చూశానని ఆయనకి తెలియదు.

కల్లాలు ఎత్తేశారు. ఎండలు ముదిరాయి. లారీవాడు ఒకసారి వచ్చి విచారించి వెళ్లాడు. ఆ మర్నాడు దొరకి నీళ్లు పోస్తున్న అటెండరు ఉన్నట్టుండి కేకేశాడు. ‘మేడం, ఇటు రండి, గబాల్న రండి!’ పాము అనుకుని కర్ర పట్టుకుని పరిగెత్తాను. తడిసిన నల్లటి చర్మం మీద నూగు లేస్తోంది, తెల్లగా. మొదట నిలువు గీత, తర్వాత పైన మూడు కొనలు. వేలితో తడిమి చూశాను. ఆవిడ ఇంటికి కబురు పంపాలన్న తెలివి కూడా లేకుండా, దాని తొంటికి తల ఆనించి నేను ఏడ్చాను. అటెండరు అటు తిరిగి బకెట్ కడుగుతున్నట్టు నటించాడు.

భర్త తద్దినం రోజున ఆవిడ పసుపు రాసి, బొట్టు పెట్టి, పలుపు విప్పి దొరని వదిలింది. పురోహితుడు మంత్రాలు చదివాడు. ఊరంతా చూడ్డానికొచ్చింది. చేత్తో వేసిన అచ్చయితే కాలుతుంది, ఇది దానంతటదే మొలిచింది కాబట్టి శివుడే వేసుకున్నాడని ఆడవాళ్లు చెప్పుకున్నారు. నేను నైట్రోజన్ అన్నాను, వాళ్లు శివుడన్నారు. పెద్దరైతు ముందుకొచ్చి, నయమైన చేత్తోనే దొరకి అరటిపండు పెట్టాడు. దొర ఒక్క క్షణం ఆ చేతి వైపు చూసింది, కర్ర ఉందేమోనని. లేదు. తినేసింది.

అది మారిపోయి సాధువైపోయిందని చెప్పను. కొన్నాళ్లు ఎవరు దగ్గరికొచ్చినా కొమ్ములు దించేది. కొట్టడం ఆగిన ఎన్నో నెలలకి గానీ అది మానలేదు. మనుషులకైనా అంతే సమయం పడుతుంది. తర్వాత నాకు బదిలీ అయింది, ఇంకో చోటికి, మరో చోటికి, చివరికి రిటైరయ్యాను. ఆవిడ పోయిన సంగతి అటెండరు ఫోన్ చేసి చెప్పాడు. రోజూ పొద్దున్నే దొర ఆ ఇంటి ముందుకెళ్లి నిలబడుతోందని, పక్కింటివాళ్లు కుడితి పెడుతున్నారని కూడా చెప్పాడు.

ఇప్పుడు పెయ్యదూడలే పుట్టే వీర్యం వచ్చిందని మీరు సంతోషంగా చెబుతుంటే వింటాను. మంచిదే. కోడెల గొడవ తీరిపోయిందంటారు. తీరితే అంతకన్నా కావాల్సిందేముంది? కానీ మీ సర్వీసులో మీరు పుట్టించేది ఇంకొకటేదో ఉంటుంది. అది మీరు అనుకున్నట్టు ఉండదు. అది కళ్లు తెరిచిన రోజున మీకు కూడా వెనక తలుపు తీసే ఉంటుంది.

నిరుడు ఎండాకాలంలో కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. పెద్దరైతు. ‘డాక్టరమ్మా, దొర పోయాడు. రేపటి దాకా ఉంచలేం, ఎండలు. మీరొస్తే సాయంత్రం ఎత్తుతాం’ అన్నాడు.

వెళ్లాను. ట్రాక్టర్ ట్రక్కులో దొరని పడుకోబెట్టి పూలదండలు వేశారు. ముందు మేళం. ముఖమంతా నెరిసిపోయింది, తొంటి మీద శూలం మాత్రం అలాగే తెల్లగా ఉంది. ఊరి చివర పత్తి చేల పక్కన గొయ్యి తీశారు. దించారు. మగాళ్లంతా గొయ్యి చుట్టూ నిలబడ్డారు. అలవాటుగా నేను ఆడవాళ్లతో వెనక్కి జరిగాను.

పెద్దరైతు ఎవరినీ మన్ను వెయ్యనివ్వలేదు. కర్ర ఆసరాతో నిలబడి, జనంలో నా కోసం చూశాడు.

‘ముందు అయినోళ్లు వెయ్యాలి గదా’ అన్నాడు. ‘దీన్ని పుట్టించింది మీరేగా డాక్టరమ్మా. రండి.’

జనం పక్కకి జరిగి దారిచ్చారు. గొయ్యి అంచున వంగి, నల్లరేగడి మట్టి రెండు చేతుల నిండా తీసుకుని, ముందు నేనే వేశాను.